ఇంటి మీద సోలార్: రాయితీ కన్నా ముందు కరెంటు బిల్లు చూడండి

ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకుంటే ప్రభుత్వం 78 వేల రూపాయల దాకా ఇస్తుందన్న మాట నిజమే. అయితే అది అందరికీ కలిసొచ్చే బేరం కాదు. భానూరులో రెండెకరాలు దున్నుకునే రైతు ఇంటి లెక్క వేరు, అదే ఊళ్లో పై అంతస్తు వేసుకుని కొడుకులు, కోడళ్లతో ఉమ్మడిగా ఒకే మీటరు మీద బతికే ఇంటి లెక్క వేరు. ఎవరైనా కాగితాలు పట్టుకుని మీ గడపలోకి వస్తే వెంటనే సంతకం పెట్టకండి. గడచిన పన్నెండు నెలల కరెంటు బిల్లులు వెతికి ముందేసుకుని కూర్చోండి.

ముందుగా పథకం సంగతి. కేంద్రం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించింది. 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా గడువు పెట్టింది. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు గానీ అంతకు మించి గానీ పెట్టుకుంటే 78 వేలు రాయితీ. ఇది ఇంటి సర్వీసుకు మాత్రమే. బోరు మోటారు సర్వీసుకు దీనితో సంబంధం లేదు, దాని కరెంటు ఎలాగూ ఉచితమే.

200 దాటితేనే అసలు లెక్క

మన రాష్ట్రంలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి అమలవుతోంది. తెల్ల రేషన్ కార్డు ఉండి, దరఖాస్తు చేసుకున్న ఇంట్లో నెలకు 200 యూనిట్ల వరకు కాలిస్తే సున్నా బిల్లు వస్తుంది. మీ ఇంటికి ఏడాది పొడవునా సున్నా బిల్లే వస్తుంటే సోలార్ పెట్టి మిగిలేదేముంది? రాయితీ పోను మీ చేతి నుంచి పడే వేల రూపాయలకు వచ్చే ఫలితం లేదు. ఆ పైసలతో ఒక పాడి గేదెను తెచ్చుకున్నా నయమే.

200 దాటిన నెల సంగతి వేరే. ఒక్క యూనిట్ ఎక్కువైనా ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020 రూపాయలు పడతాయి. ఆపై 300 దాకా యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. ఇతర చార్జీలు అదనం. అంటే 200 దగ్గర ఆగితే సున్నా, 201 అయితే వెయ్యి పైచిలుకు!

చాలా ఇళ్లలో ఈ గీత దాటించేది గీజరే. సంగారెడ్డి జిల్లాలో చలి ఎంతో మీకు చెప్పనక్కర లేదు, కోహీర్ పేరు ఏటా పేపర్లలో చూస్తూనే ఉంటాం. రెండు వేల వాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్. ఇంటిల్లిపాదికీ రోజుకు గంట నడిస్తే నెలకు 60 యూనిట్లు. చలికాలం రెండు మూడు నెలలే 200 దాటుతుంటే సోలార్ పలకలు అక్కరలేదు. పత్తికట్టె, కంప ఉన్న ఇంట్లో స్నానాల నీళ్లు పొయ్యి మీద కాగబెట్టుకుంటే చాలు. నీళ్లు కాగే సోలార్ హీటరుకు కేంద్రం ఒకప్పుడు ఇచ్చిన రాయితీ 2014లోనే ఆగిపోయింది. ఆ పేరు చెప్పి బయానా అడిగితే ఇవ్వకండి.

ఇక ఫ్రిజ్, కూలర్లు, గడ్డి కోసే మిషను అన్నీ కలిపి నెలనెలా 300 యూనిట్లు కాలే ఇల్లు ఉందనుకుందాం. కరెంటు చార్జీ 1,790 రూపాయలు. ఒక కిలోవాటు పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. రెండు కిలోవాట్లు పెడితే నెలకు 240 వరకు వస్తాయి, సంస్థ నుంచి తీసుకున్నది 60 యూనిట్లే అవుతుంది. చార్జీ 130 రూపాయలకు దిగుతుంది. ఏడాదికి దాదాపు 20 వేలు మిగులు. రెండు కిలోవాట్లకు లక్షా 40 వేలు అడిగారనుకోండి, 60 వేల రాయితీ పోను మీకు 80 వేలు. నాలుగేళ్లలో తీరిపోతుంది. ఇటువంటి ఇంటికి ఆలోచించకుండా పెట్టుకోవచ్చునని మా అభిప్రాయం.

రాయితీ సొమ్ము ముందుగా ఎవరి చేతికీ రాదు. పలకలు బిగించి, విద్యుత్ సంస్థ వారు తనిఖీ చేసి నెట్ మీటరు పెట్టిన తర్వాతనే మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంతదాకా మొత్తం ధర మీరే సర్దుకోవాలి, లేదా బ్యాంకు రుణం తీసుకోవాలి. పూచీకత్తు లేకుండా ఇచ్చే రుణం ఉంది. దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లోనే చేయాలి. బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు కావాలి. పిల్లలెవరైనా సెల్‌ఫోన్‌లో నింపగలరు. పని చేసే కంపెనీ ఆ పోర్టల్‌లో నమోదైనదై ఉండాలి, పలకలు దేశంలో తయారైనవై ఉండాలి. లేకుంటే రాయితీ రాదు. మీటరు ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పించుకోండి. ఎక్కువమందికి పని ఆగిపోయేది ఇక్కడే. సందేహం ఉంటే సెక్షన్ ఆఫీసులో ఏఈని అడగండి, లేదా 1912కు ఫోన్ చేయండి.

అమ్మేవారు చెప్పని మాట ఒకటుంది. బ్యాటరీ లేని ఈ సోలార్ కరెంటు పోతే తానూ ఆగిపోతుంది, పట్టపగలు ఎండ మండుతున్నా సరే. లైన్ మీద పనిచేసే మనిషికి ప్రమాదం రాకుండా అలా చేశారు. కోతల కోసం కొంటున్నామనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

కిలోవాటుకు నీడ పడని వంద చదరపు అడుగుల చోటు కావాలి. రేకుల ఇంటి మీదైతే బరువు మోసే ఇనుప చట్రం ఖర్చు వేరేగా అడుగుతారు, ముందే తేల్చుకోండి. మన పక్కన ఫ్యాక్టరీలు, లారీల రోడ్లు ఉన్నాయి కనుక దుమ్ము ఎక్కువ. పదిహేను రోజులకోసారి ఎండ ఎక్కకముందే మంచినీళ్లు పోసి మెత్తటి గుడ్డతో తుడవాలి, బోరు ఉప్పునీళ్లు పనికిరావు. కోతులు తిరిగే ఊళ్లలో తీగలను పైపుల్లో వేయించడం మరవకండి.