కంప్యూటరులో ఫైళ్ళు కనబడనప్పుడు

మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో కార్యదర్శిగారు దిగాలుగా కూర్చుని ఉన్నారు. రాత్రి కంప్యూటరు అప్‌డేట్ అయినది. తెల్లవారి చూస్తే పక్షం రోజుల పాల బిల్లుల ఫైళ్ళు లేవు. ఆనాడే సభ్యులకు చెల్లింపు. ఆయన లెక్కలన్నీ మళ్ళీ ఎక్కించబోగా మేము వారించాము.

అప్‌డేట్ తరువాత విండోస్ ఒక్కొక్కప్పుడు తాత్కాలిక ఖాతాతో తెరుచుకుంటుంది. తెర ఖాళీగా ఉంటుంది గాని పాత ఫైళ్ళు సీ డ్రైవులోని యూజర్స్ ఫోల్డరులో పాత పేరు కిందనే ఉంటాయి. ఈ తాత్కాలిక ఖాతాలో దాచినదంతా సైన్ అవుట్ కాగానే పోతుంది. పడిన శ్రమంతా వృథా! ఇక్కడ జరిగినది అదే. రెండుసార్లు రీస్టార్ట్ చేయగా పాత ఖాతా వచ్చినది.

అలా రాకపోతే వన్‌డ్రైవ్ ఫోల్డరు, పెద్ద అప్‌డేట్ అయితే విండోస్.ఓల్డ్ ఫోల్డరు చూడగలరు. ఈ రెండవది సాధారణంగా 10 రోజులకు దానంతట అదే చెరిగిపోతుంది గనుక జాప్యం కూడదు.

నిజంగా పోవడమూ ఉన్నది. 2018 అక్టోబరులో విండోస్ 10 అప్‌డేట్ ఒకటి కొందరి ఫైళ్ళను చెరిపివేయగా, మైక్రోసాఫ్ట్ దానిని నిలిపి, సరిచేసి, నవంబరులో తిరిగి విడుదల చేసినది.

ఆ సంఘంలో మధ్యాహ్నానికి చెల్లింపులు జరిగినవి. పెన్‌డ్రైవులో నకలు మాత్రం లేదు. ఆ సంగతి తనిఖీ నివేదికలో వ్రాశాము.