క్రొత్త పలక: మన బిడ్డలకు మేలా, కీడా?

పలక యనగానే పెద్దలకు జ్ఞప్తికి వచ్చునది ఓనమాలు దిద్దిన రాతిపలక. నేడు మన యిండ్లలోనికి మఱియొక పలక వచ్చినది. దానిని టాబ్లెట్ అనియు, టాబ్ అనియు పిలుచుచున్నారు. 2010 ఏప్రిల్‌లో అమెరికాలో ఆపిల్ సంస్థ ఐప్యాడ్‌ను విక్రయింప నారంభించిన పిమ్మట ఈ సాధనము లోకమంతటను వ్యాపించెను. అంతర్జాలముతో కలిపినచో గ్రంథములు, చిత్రములు, పాఠములు దాని తెరపై ప్రత్యక్షమగును. “దీనిని మా బిడ్డకు కొనియీయవచ్చునా?” అని తలిదండ్రులు అడుగుచున్నారు. తమిళనాడులో తెలుగు చదువుకొనుచున్న మన పిల్లల స్థితినిబట్టి ఈ ప్రశ్నకు సమాధానము వెదకవలెను.

మన స్థితి యెట్టిది? 2006వ సంవత్సరపు చట్టము ననుసరించి పాఠశాలలలో తమిళము నిర్బంధ పాఠ్యవిషయమైనది. వీథిలో తమిళము, పై చదువులకు ఆంగ్లము, ఇంటిలో తెలుగు. ఆ రెండు భాషలును మనకు అవసరమే; వానిని శ్రద్ధతో నేర్వవలసినదే. కాని తెలుగు మాటలాడగలిగియు, ఒక పుట తడబడక చదువలేని బాలబాలికలు పెక్కుమంది గలరు. తెలుగు మన చెవినుండి తొలగిపోలేదు; కంటినుండియు, చేతినుండియు తొలగిపోవు ప్రమాదము కలదు. టాబ్ మంచిచెడ్డలను ఈ త్రాసులోనే తూచవలెను.

మొదట మేలు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లో వెలువడినది మదరాసులోనే. బ్రౌను దొర నిఘంటువు అచ్చయినదియు ఆ నగరమునందే. అట్టి రాష్ట్రమున నేడు మన పల్లెలలో తెలుగు పుస్తకముల యంగడి కానరాదు. ఈ కొఱతను టాబ్ కొంత తీర్చగలదు. ఆంధ్రభారతి వెబ్‌సైటునందు శబ్దరత్నాకరము మొదలగు పలు నిఘంటువులను ఒక్కచోటనే వెదకవచ్చును. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో విజ్ఞాన విషయములు గలవు. దానిని ఎవరైనను దిద్దవచ్చును గనుక, అందలి విషయమును వేఱొక గ్రంథముతో సరిచూచుకొనవలెను. పాత పుస్తకములను ఒకసారి దింపుకొన్నచో అంతర్జాలము లేనప్పుడును చదువుకొనవచ్చును.

వ్రాతకును దీనివలన ఉపయోగము కలదు. అయితే ఇచ్చట ఒక చిక్కు ఉన్నది. పెక్కుమంది పిల్లలు తెలుగు మాటలను ఆంగ్లాక్షరములతో వ్రాయుచున్నారు. కల, కళ, కాల అను మూడు మాటలును ఆ లిపిలో సాధారణముగా ఒకే విధముగా వ్రాయబడును. ల, ళ భేదమును, హ్రస్వదీర్ఘ భేదమును చేయి మఱచిపోవును. తెలుగు కీబోర్డును అమర్చుకొన్నచో ఇందుకు భిన్నముగా జరుగును. ‘స్త్రీ’ అని వ్రాయుటకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈత్వము అను ఆరింటిని వరుసగా నొక్కవలెను. సంయుక్తాక్షరము ఎట్లు కూడినదో బాలునికి బోధపడును. కావున ఒకే పలక, అమర్చుకొన్న తీరునుబట్టి, అక్షరమును నేర్పనూవచ్చును, మఱపింపనూవచ్చును.

ఇక కీడు. తెరపై చదివినది కాగితముపై చదివినంత చక్కగా మనసునకు పట్టునా? స్పెయిన్, ఇజ్రాయెల్ దేశముల పరిశోధకులు 2000 నుండి 2017 వఱకు జరిగిన 54 పరిశోధనలను పరిశీలించి 2018లో ఫలితములను ప్రకటించిరి. వానిలో పాల్గొన్న పాఠకులు 1,70,000 మందికి పైగా నుండిరి. కథలు చదువునప్పుడు భేదము కానరాలేదు. విషయబోధకములైన పాఠములను, అందును నియమితకాలములో చదివినపుడు, కాగితమునందే అవగాహన మెఱుగుగా నుండెను. కావున కథలకు టాబ్ చాలును. పరీక్షకు చదువు పాఠమునకు అచ్చుపుస్తకమే మేలు.

కన్నులను గూర్చియు జాగ్రత్త వలయును. ప్రతి 20 నిమిషములకు ఒకసారి 20 అడుగుల దూరమునందలి వస్తువును 20 సెకనులు చూచి కన్నులకు విశ్రాంతి నీయుట మంచిది. పిల్లలు ప్రతిదినము ఆరుబయట ఆడుకొనుట హ్రస్వదృష్టి రాకుండుటకు తోడ్పడును. పడకపై టాబ్ చూచుట నిద్రకు చెఱుపు. ఐదేండ్లలోపు పిల్లల విషయమున ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో స్పష్టముగా చెప్పినది: రెండు మొదలు నాలుగేండ్ల వయసువారికి దినమునకు ఒక గంటకు మించరాదు, అంతకన్న తక్కువైన మఱింత మేలు.

వెలను మాత్రమే చూచి కొనుటయు తగదు. 2011 అక్టోబరు 5న మన కేంద్ర ప్రభుత్వము విద్యార్థులకై ‘ఆకాశ్’ అను 7 అంగుళముల టాబ్‌ను ఆవిష్కరించెను. దాని వెల మిక్కిలి తక్కువ. కాని తెర స్పర్శకు మందముగా పలుకుచున్నదనియు, బ్యాటరీ త్వరగా తఱుగుచున్నదనియు విమర్శలు వచ్చెను. మఱుసటి సంవత్సరమే మెఱుగుపఱచిన రూపమును తేవలసివచ్చెను. కూలి డబ్బుతోను, వాయిదాలపైనను కొనువారు బ్యాటరీ మన్నికను, మరమ్మతు సౌకర్యమును, నెలనెలా డేటాకగు వ్యయమును ముందే లెక్కింపవలెను.

నా యభిప్రాయము నిది. ఇంటికి ఒక టాబ్ చాలును. అది బిడ్డ సొత్తుగాక ఇంటి సొత్తుగా, నలుగురు కూర్చుండు చోట ఉండవలెను. దాని భాషను తెలుగునకు మార్చవలెను. చూచిన వీడియోకు మాఱుగా ఒక పుట బిగ్గరగా చదివించి, దానిలోని ఐదు వాక్యములను నోటుపుస్తకములో వ్రాయింపవలెను. చదువురాని తల్లియైనను బిడ్డ చదువుచుండగా విని, తడబడినచోట “మరల చదువు నాయనా” అనగలదు. ఇట్టి యేర్పాటు కుదురని యింటిలో టాబ్ కొనకుండుటయే మంచిది. ఆ ధనముతో నాలుగు తెలుగు పుస్తకములు కొనవచ్చును.

విద్యార్థులారా! రాతిపలకపై మీ తాతలు వ్రాసినది తుడిచిన పోయెడిది. నేర్చిన యక్షరము మాత్రము పోలేదు. ఈ క్రొత్త పలకను మూసిన పిదప మీ చేతిలో ఏ యక్షరము మిగిలినదో ప్రతిదినము చూచుకొనుడు.