ఎక్సలేటర్ వదిలినా చైన్ తిరుగుతోందా?

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ రోడ్లపై గాలివానకు పడ్డ చెట్లను కోసేదీ, మన తోటలో ఆచ్ఛాదన కోసం కొమ్మలు కొట్టేదీ చైన్ సా మిషనే. ఎక్సలేటర్ వదిలినా చైన్ తిరుగుతుంటే అడుగు వేయడమే ప్రమాదం. వెంటనే ఆపేయండి.

ముందు ఎక్సలేటర్ ఎక్కడైనా ఇరుక్కుందేమో చూడండి. ఫిల్టర్ శుభ్రం చేయండి. తర్వాత మిషన్‌ను నేలమీద పెట్టి, స్టార్ట్ చేసి, ఐడిల్ స్క్రూను (టి లేదా ఎల్‌ఏ అని ఉంటుంది) ఎడమకు కొద్దికొద్దిగా తిప్పండి. చైన్ ఆగాలి, ఇంజిన్ ఆగకూడదు.

అయినా స్పీడ్ తగ్గలేదా? కార్బురేటర్ దగ్గరి రబ్బరు పగిలో, క్రాంక్ సీల్ పోయో బయటి గాలి లాగుతోందన్నమాట. అలాగే వాడితే ఆయిల్ కలిసిన పెట్రోలు చాలక పిస్టన్ పట్టేస్తుంది. మెకానిక్‌కు చూపించండి. ఇంజిన్ నెమ్మదిగానే ఉండి చైన్ మాత్రం తిరుగుతుంటే, క్లచ్ స్ప్రింగ్ చూడాలి. స్క్రూ ఎలా తిప్పాలో కింది వీడియోలో చూడండి.