బూట్లు విప్పి కొండెక్కిన టీచర్

డిగ్రీ పూర్తయింది. సొంత జిల్లాలోనే టీచర్ ఉద్యోగం. ఇంటి భోజనం, నెల తిరిగేసరికి జీతం. ‘ఇంకేం కావాలిరా?’ అంటారు ఇంట్లోవాళ్లు. మీ ఇంట్లోనైనా అదే మాట. నాగాలాండ్ కుర్రాడు నీకెఝాకువో కెంగురుసే కూడా అక్కడితో ఆగిపోయి ఉండొచ్చు. కానీ ఆగలేదు.

కొహిమా జిల్లా నెర్హెమా గ్రామంలో 1974 జులై 15న పుట్టారాయన. కొహిమా సైన్స్ కాలేజీలో డిగ్రీ చేసి, కొహిమాలోని ఓ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో 1994 నుంచి 1997 వరకు పాఠాలు చెప్పారు. తర్వాత డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో చేరి 1998 డిసెంబరులో ఆఫీసరుగా బయటికొచ్చారు. వచ్చిన విభాగం ఆర్మీ సర్వీస్ కోర్. అంటే సైన్యానికి రేషన్, ఇంధనం, వాహనాలు సమకూర్చే శాఖ. ‘అనుకున్న బ్రాంచ్ రాలేదు’ అని దిగాలుపడే మీలాంటి వాళ్లు ఇక్కడొక్క క్షణం ఆగాలి. మరో ఆరు నెలలకే కార్గిల్ యుద్ధం. అప్పటికి 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌తో కలిసి పనిచేస్తున్న ఈ సరఫరా శాఖ ఆఫీసరు, శత్రువుపై మెరుపుదాడి చేసే ఘాతక్ ప్లటూన్‌కు నాయకత్వం వహించారు.

1999 జూన్ 28 రాత్రి. ద్రాస్ సెక్టార్‌లో 16 వేల అడుగుల ఎత్తు, మైనస్ 10 డిగ్రీల చలి. నిట్టనిలువు కొండ మీద శత్రువు మెషిన్‌గన్. దాన్ని మూయించడమే పని. పైనుంచి కాల్పులు. కెంగురుసే కడుపులో గాయమైంది. అయినా వెనక్కి రాలేదు. చివర మిగిలింది జారిపోయే రాతిగోడ. బూట్లకు పట్టు చిక్కడం లేదు. బూట్లు విప్పేశారు. ఆ చలిలో ఒట్టికాళ్లతో పైకెక్కి రాకెట్ లాంచర్‌తో బంకరును దెబ్బతీశారు. మీదికి వచ్చిన శత్రు సైనికులతో దగ్గర నుంచే తలపడ్డారు. చివరికి తూటాలకు నేలకొరిగారు. ఇరవై ఐదో పుట్టినరోజుకు ఇంకా 17 రోజులుంది. ఆయన మరణానంతరం ప్రభుత్వం మహావీర చక్ర ప్రకటించింది. యుద్ధ సమయంలో ఇచ్చే పురస్కారాల్లో పరమవీర చక్ర తర్వాత స్థానం దీనిదే.

అదే పోరులో ఆ బెటాలియన్ మరో ఇద్దరు యువ ఆఫీసర్లనూ కోల్పోయింది. ఒకరు మన హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివిన మేజర్ పద్మపాణి ఆచార్య. ఆయనకూ మహావీర చక్ర దక్కింది. మరొకరు 22 ఏళ్ల విజయంత్ థాపర్, వీర చక్ర గ్రహీత.

మీరూ ఆ దారిలో వెళ్లాలంటే?

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయగలిగే పరీక్ష సీడీఎస్. యూపీఎస్సీ ఏటా రెండుసార్లు నిర్వహిస్తుంది. మిలిటరీ అకాడమీకైతే ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్, గణితం పేపర్లు, ఒక్కోటి 100 మార్కులు. చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి గణితం పేపరు ఉండదు, అమ్మాయిలకూ అవకాశముంది. పద్మపాణి ఆఫీసరైంది ఈ అకాడమీ నుంచే.

రాతపరీక్ష గట్టెక్కితే అయిదు రోజుల ఎస్ఎస్‌బీ. తొలిరోజు స్క్రీనింగ్. నిలబడినవాళ్లకు మానసిక పరీక్షలు, బృంద పనులు, ముఖాముఖి, ఆఖరున కాన్ఫరెన్స్. ‘ఆర్మీలోకి ఎందుకు?’ అనే ప్రశ్నకు బట్టీపట్టిన జవాబు ఇక్కడ నిలబడదు. ఇంటర్వ్యూలో నోటితో ఒకటి చెప్పి, మైదానంలో చేతులతో ఇంకోటి చేస్తే దొరికిపోతారు.

యూనిఫాం, జీతం, క్యాంటీన్, పింఛను... ఇవన్నీ చూసుకోవడం తప్పేమీ కాదు. కానీ ఆ జాబితాలో జూన్ 28 లాంటి రాత్రి కూడా ఉంటుంది. అది మీకొక్కరికే కాదు, ఇంట్లో ఫోన్ కోసం ఎదురుచూసే అమ్మానాన్నలకూ వస్తుంది.

అందుకే ఈసారి నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు తెరవకండి. ముందు ఓ తెల్లకాగితం మీద ‘నేనెందుకు వెళ్తున్నాను’ అని నాలుగు వాక్యాలు మీ మాటల్లోనే రాయండి. దాన్ని అమ్మానాన్నల ముందు కూర్చుని చదవండి. గొంతు తడబడకుండా చదవగలిగితే, అప్పుడు ఫీజు కట్టండి.