శిలాజతువూ దిబ్బెరువూ

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో వెల కంటె ముందు గీటురాయి మాట్లాడుతుంది. బిడ్డ పెండ్లికి నగ కొనబోయిన తల్లి గీటు చూడనిదే పైకము విప్పదు. అంత జాగ్రత్త గలవారే నల్లని జిగురు నింపిన చిన్న సీసాను, ‘హిమాలయ శిలాజతువు’ అన్న పేరు చూచి, ఏ పరీక్షయు లేకుండ కొని తెచ్చుకొంటారు. ఆ సీసాపై గొప్పగా వ్రాసియుండు మాట ‘ఫల్విక్ ఆమ్లము’. ఈ ఆమ్లమెట్టిది? దీనికి గీటురాయి ఏది?

శిలాజతువు మనకు క్రొత్తది కాదు. జ్యేష్ఠాషాఢ మాసములలో ఎండకు కాగిన కొండలనుండి లక్కవంటి రసము స్రవించునని సుశ్రుత సంహిత చెప్పుచున్నది. చరక సంహిత దానిని బంగారము, వెండి, రాగి, ఇనుము అను లోహముల పేరిట నాలుగు విధములుగా విభజించినది. దానిని సేవించువారు ఉలవలు తినరాదని కూడ విధించినది. ఉలవ గుగ్గిళ్ళు, ఉలవచారు ఎరిగిన రాయలసీమవారికి ఆ పథ్యము కొంచెము కష్టమే!

ఎండ ఒక్కటే చాలినచో జమ్మలమడుగు చెంత గండికోట కొండలు ఏనాడో శిలాజతువును కార్చవలసినది. కార్చలేదు. ఏలయన, అది కరగిన రాయి కాదు. హిమాలయములవంటి ఎత్తైన పర్వతముల రాతి చీలికలలో మొక్కలు, నాచులు కుళ్ళి, సూక్ష్మజీవుల చేతిలో యుగములతరబడి మారి ఏర్పడిన పదార్థమని నేటి శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అభిప్రాయము. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున శిబ్‌నాథ్ ఘోషల్ 1970ల నుండి చేసిన పరిశోధనలు అందులోని ఫల్విక్ ఆమ్లమును, మరికొన్ని సేంద్రియ పదార్థములను వెలికి తెచ్చినవి.

ఫల్విక్ అను పేరు పసుపువన్నెను తెలుపు లాటిను మాటనుండి వచ్చినది. స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు స్వెన్ ఒడేన్ 1919లో దానిని వాడినాడు. అయితే ఇది ఉప్పువలె, చక్కెరవలె ఒకే పదార్థము కాదు. ఒక పోలిక గల అనేక ఆమ్లముల కూటమి. దీనిని చూచుటకు హిమాలయములకు పోనక్కరలేదు. బాగుగ మాగిన దిబ్బెరువును పలుచని సోడియం హైడ్రాక్సైడు ద్రావణమున నానబెట్టి వడకట్టిన నల్లని కషాయము దిగును. దానిలో హైడ్రోక్లోరికామ్లము చాలినంత కలిపిన గోధుమవన్నె మడ్డి అడుగున పేరును. అది హ్యూమిక్ ఆమ్లము. పైన తేరిన పసుపు ద్రవములో నిలిచినది ఫల్విక్ ఆమ్లము. పాఠశాల ప్రయోగశాలలో ఉపాధ్యాయుడు దగ్గరుండి దీనిని చేసి చూపవచ్చును. ఇది చూచుటకే గాని త్రాగుటకు గాదు.

ఈ ఆమ్లము గొప్పతనము లోహములను పట్టుటలో ఉన్నది. పీత తన డెక్కలతో ఆహారమును పట్టినట్లు ఇది ఇనుమును, జింకును పట్టి నీటిలో నిలుపును. సున్నపుపాలు హెచ్చుగా ఉన్న నేలలలో ఇనుము, జింకు ఉండియు మొక్కకు అందవు. పులివెందుల చీనీతోటలో ఆకులు పసుపుబారుట చూచిన రైతుకు ఈ బాధ తెలియును. జమ్మలమడుగు నల్లరేగడికైనను పశువుల ఎరువు మేలుచేయుటకు ఇదియు ఒక కారణము.

కాని పీతకు మంచిచెడ్డల విచక్షణ లేదు. ఇనుమును పట్టిన డెక్కయే సీసమును, యురేనియమును కూడ పట్టును. పులివెందులకు సమీపమున తుమ్మలపల్లెలో యురేనియము గని ఉన్నందున ఈ మాట మనకు మరింత దగ్గరది. కొండ చీలికల జిగురులో సీసము, పాషాణమువంటి విషధాతువులు చేరియుండవచ్చును. శోధింపని శిలాజతువును వాడరాదని ఆయుర్వేదము పట్టుపట్టినది. నీటిలోనో త్రిఫల కషాయములోనో కరగించి, వడకట్టి, ఎండలో చిక్కబరచు పద్ధతి ఊరక పుట్టలేదు.

కావున శిలాజతువునకు గీటురాయి సీసాపై పేరు కాదు. అందలి విషలోహములెంతయో తెలుపు ప్రయోగశాల పరీక్ష. ఫల్విక్ ఆమ్లము ఇంత పాలున్నదని వ్రాసినంతమాత్రమున ఔషధము కానేరదు. మనుష్యులపై జరిగిన పరీక్షలు కొద్దివి, చిన్నవి. సర్వరోగములు పోవుననుటకు అవి చాలవు. వాడదలచినవారు వైద్యుని అడిగి వాడుట మేలు.

బంగారమును గీటి చూచుట మన ఊరి పిల్లలకు ఎవరును నేర్పనక్కరలేదు. మాటను గీటి చూచుట మాత్రము బడిలో నేర్పవలసియున్నది. దానికి కావలసిన సామగ్రి రెండు గాజు గ్లాసులు, రెండు ద్రావణములు, పెరటి దిబ్బనుండి ఒక పిడికెడు ఎరువు.