మీకు తెలుసా? పాత లగ్జరీ కారు చవకే, దాని స్పేర్ పార్టులు కావు!

కోటి రూపాయల కారు కొన్నేళ్లకు పాతిక లక్షలకు దిగొచ్చిందనుకోండి. స్పేర్ పార్టులకు మాత్రం ఇంకా కోటి రూపాయల కారు రేటే! ఎయిర్ సస్పెన్షన్ సంగతే చూడండి. అందులో ఇనుప స్ప్రింగుల బదులు గాలి నిండిన రబ్బరు తిత్తులుంటాయి. రబ్బరు పగిలితే, రాత్రి దర్జాగా నిలబెట్టిన బండి తెల్లారేసరికి ఓ మూలకు చతికిలబడుతుంది. పట్టించుకోకపోతే వాటిలో గాలి నింపే కంప్రెసర్ కూడా పోతుంది.

ఖర్చు పార్టులతోనే ఆగదు. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) ఆంక్షలు పెట్టాక అక్కడి కార్లు చవగ్గా దొరుకుతున్నాయి. వాటిని తెలుగు రాష్ట్రాలకు మార్చుకోవాలంటే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తేవాలి, లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఇవన్నీ కలిపితే ఇక చవకేముంది?

సర్వీసు రికార్డు లేని బండి జోలికి వెళ్లకండి. ఉన్నదాన్నైనా పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే వెళ్లి చూడండి.