విదేశాల్లో ఇంగ్లీషు పంతులు కొలువు: మాటకారితనం చాలదు, పట్టా కావాలి

(గ్రామీణ విలేకరి)

అమలాపురం: ఇంగ్లీషు గడగడా మాట్లాడగలిగితే చాలు, విదేశాల్లో పిలిచి పంతులు ఉద్యోగం ఇస్తారన్న మాట కోనసీమ పల్లెల్లో ఈమధ్య తరచుగా వినబడుతోంది. కువైట్, దుబాయ్, మస్కట్‌లకు ఇంటిపనికీ, డ్రైవరు పనికీ వెళ్లడం మన ప్రాంతానికి కొత్త కాదు. అలా వెళ్లినవారు పంపిన డబ్బుతో చదువుకున్న పిల్లలు ఇప్పుడు డిగ్రీలు చేతబట్టుకుని ఉన్నారు. తల్లి వంటింట్లో కష్టపడిన దేశానికి కూతురు టీచరుగా వెళ్లాలనుకోవడంలో తప్పేమీ లేదు. కాని కావలసిన అర్హతలేమిటో విచారించకుండానే కొబ్బరితోట తాకట్టు పెట్టడానికి సిద్ధపడితే మాత్రం ఆ ఇంటికి ముప్పే.

"అమ్మాయికి ఇంగ్లీషు వచ్చాండీ? అయితే ఇంకేం కావాలండీ, మిగతాది నేను చూసుకుంటాను" అంటాడు దళారి. ఆ మిగతాది ఏమిటో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొట్టమొదట, ఇంటర్మీడియట్‌తో ఈ తలుపు తెరుచుకోదు. ఇంగ్లీషు నేర్పే ఉద్యోగానికి వీసా ఇచ్చే దేశాల్లో అధికభాగం కనీసం డిగ్రీ అడుగుతాయి. డిగ్రీ బి.ఏ. అయినా, బి.ఎస్‌సి. అయినా చాలాచోట్ల అభ్యంతరం లేదు. అయితే దూరవిద్యలో తీసుకున్న డిగ్రీని కొన్ని దేశాలు అంగీకరించవు. ఆ సంగతి డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి.

పాస్‌పోర్టు రంగు కూడా చూస్తారు

డిగ్రీ తరువాత వచ్చే అడ్డంకి చదువుకు సంబంధించినది కాదు. ఏ దేశపు పౌరుడన్నది. దక్షిణ కొరియా ఇంగ్లీషు టీచర్లకు ఇచ్చే వీసా మామూలుగా ఏడు దేశాల వారికే. అవి అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా. ఆ దేశాల పట్టభద్రుడు మన పట్టభద్రుడి కంటె బాగా పాఠం చెప్పగలడా అంటే, చెప్పవచ్చు, చెప్పలేకపోనూవచ్చు. నిబంధన మాత్రం అది. కాగా 2010లో అమలులోకి వచ్చిన భారత్-కొరియా వాణిజ్య ఒప్పందం వల్ల మనవారికి ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. డిగ్రీతో పాటు ఇంగ్లీషు బోధనలో టీచరు అర్హతపత్రం ఉన్న భారతీయులను అక్కడి పాఠశాలల్లో సహాయ ఉపాధ్యాయులుగా తీసుకునే వీలు కల్పించారు. బి.ఇడి. లేనివారు ఆ కిటికీ దగ్గరికి పోనవసరం లేదు.

చైనాలో భాష నేర్పేవారు తమ మాతృభాషనే నేర్పాలన్నది సాధారణ సూత్రం. డిగ్రీ, రెండేళ్ల అనుభవం కూడా అడుగుతారు. పైగా 2021లో అక్కడి ప్రభుత్వం పాఠశాల విద్యార్థులకు లాభం కోసం నడిపే ట్యూషన్లపై కఠినమైన ఆంక్షలు పెట్టడంతో వేలకొద్దీ శిక్షణా కేంద్రాలు మూతపడ్డాయి. చైనాలో ట్యూషను కేంద్రాలున్నాయి, జీతాలు బ్రహ్మాండం అని ఇంకా ఎవరైనా చెబుతుంటే అది పాత పంచాంగం.

జపాన్ ప్రభుత్వం 1987లో ప్రారంభించిన 'జెట్' అనే పథకం కింద విదేశీ పట్టభద్రులు అక్కడి స్కూళ్లలో సహాయ టీచర్లుగా పనిచేస్తున్నారు. ఆ పథకంలో టీచరు శిక్షణ తప్పనిసరి కాదు. అయితే జపాన్ స్కూళ్లలో భాష నేర్పడానికి ఇచ్చే వీసాకు, ఆ భాషలోనే పన్నెండేళ్లు చదివి ఉండాలనే షరతు ఒకటి ఉంది. పదవ తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, తరువాత కష్టపడి ఇంగ్లీషు పట్టు సాధించిన మన పల్లె విద్యార్థికి ఇది పెద్ద గోడే.

థాయిలాండ్ కొంత నయం. అక్కడ ఫిలిప్పీన్స్ వారు పెద్దసంఖ్యలో ఇంగ్లీషు చెబుతున్నారు, భారతీయులూ ఉన్నారు. డిగ్రీ ఉండాలి, ఆ దేశపు ఉపాధ్యాయ మండలి లైసెన్సుగాని తాత్కాలిక అనుమతిగాని తీసుకోవాలి. మాతృభాష ఇంగ్లీషు కానివారిని 'టోయిక్', 'ఐ.ఇ.ఎల్.టి.ఎస్.' వంటి పరీక్షల్లో మార్కులు చూపమంటారు. అదే స్కూల్లో అదే పాఠం చెప్పే తెల్లవారికీ మనవారికీ జీతంలో తేడా ఉంటుంది. ఇది అన్యాయమే, కాని తెలిసి వెళ్లడం మంచిది.

తెలుగు తోడు లేని పాఠం

మూడవది బోధనలో శిక్షణ. అసలు కీలకం ఇక్కడుందని చెప్పాలి. ఇంగ్లీషు మాట్లాడటం వేరు, ఇంగ్లీషు రానివాడికి నేర్పడం వేరు. మన బడుల్లో ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థం చెప్పి, వాక్యాన్ని తెలుగులోకి తిప్పి చెప్పడం తరతరాల అలవాటు. బ్యాంకాక్‌లోని పిల్లవాడికి తెలుగు రాదు, మనకు థాయి రాదు. 'బిట్వీన్' అనే మాటకు అర్థం ఎలా చెబుతారు? రెండు కుర్చీలు వేసి, వాటి నడుమ సుద్దముక్క పెట్టి చూపాలి. పక్కకు జరిపి అది కాదనాలి. పిల్లలను లేపి ఒకరి నడుమ ఒకరిని నిలబెట్టాలి. ఒక మాటకే ఇంత తతంగం ఉంటే, 'ఐ వెంట్', 'ఐ హేవ్ గాన్' అనే రెండింటికీ తేడా నలభైమంది పిల్లలకు సైగలతో, బొమ్మలతో నేర్పడం ఆషామాషీ వ్యవహారం కాదు.

ఉద్యోగానికి ముందు డెమో క్లాసు చెప్పమనేది ఇందుకే. మనకు అలవాటైన 'ఐ యాం హేవింగ్ టూ బ్రదర్స్', 'డిస్కస్ అబౌట్' వంటి వాడుకలు అక్కడ వెంటనే పట్టుబడతాయి. ఇంటర్వ్యూకు వెళ్లేముందు తన మాటలను తానే సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే ఇటువంటివి చాలా తెలిసిపోతాయి. ఖర్చు కూడా లేదు.

ఈ శిక్షణకు ప్రపంచవ్యాప్తంగా పేరున్నది కేంబ్రిడ్జి వారి 'సెల్టా'. సుమారు 120 గంటల కోర్సు. పూర్తికాలం చదివితే నాలుగైదు వారాలు. అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పి చూపాలి, పరీక్షకులు వెనక కూర్చుని చూస్తారు. మన దేశంలో ఫీజు లక్ష రూపాయలు దాటుతుంది. లండన్ ట్రినిటీ కళాశాల వారి సర్టిఫికెట్‌కూ దాదాపు ఇంతే గౌరవం. వీటిని వదిలిపెడితే 'టెఫెల్', 'టెసాల్' అనే పేర్లతో కొన్ని వేల రూపాయలకే ఇంట్లో కూర్చుని చదివే కోర్సులు కోకొల్లలు. వీటన్నిటినీ అదుపుచేసే సంస్థ ప్రపంచంలో ఏదీ లేదు. కొన్ని మంచివే, కొన్ని అచ్చుయంత్రాలు. ఒక్క విద్యార్థి ముఖం చూడకుండా ముగిసే కోర్సు ఏ స్కూలు యజమానికి నమ్మకం కలిగిస్తుంది?

మనకు దగ్గరలోని మంచి చోటు మరొకటుంది. హైదరాబాదులో 1958లో నెలకొల్పిన ఇంగ్లీషు సంస్థ, 2007లో 'ఇఫ్లూ' అనే కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇంగ్లీషు బోధనలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడంలో దానికి దేశమంతటా పేరుంది.

మనవారికి రాచబాట

ఇంత చెప్పాక, భారతీయ టీచరుకు నిజంగా గిరాకీ ఉన్నది ఎక్కడ? గల్ఫ్‌లోని సి.బి.ఎస్.ఇ. పాఠశాలలు, మాల్దీవులు. ఇది పాత దారే. ఇథియోపియాలో చక్రవర్తి హైలే సెలాసీ కాలంలో వేలాదిమంది భారతీయ ఉపాధ్యాయులు పల్లెపల్లెనా పాఠాలు చెప్పారు. భూటాన్‌లో ఆధునిక విద్య తొలినాళ్లలోనూ మనదేశపు టీచర్లే ముందున్నారు. మాల్దీవుల్లో నేటికీ విదేశీ టీచర్లలో భారతీయులది పెద్ద వాటా.

ఇక్కడ మాత్రం 120 గంటల కోర్సు కాదు, బి.ఇడి. ముఖ్యం. ఇంగ్లీషు సబ్జెక్టుతో డిగ్రీ, ఎం.ఏ. ఇంగ్లీషు అయితే మరీ మంచిది. ఆపైన ఇంగ్లీషు మెథడాలజీతో బి.ఇడి., రెండేళ్ల అనుభవం. ఎడ్‌సెట్ రాసి రెండేళ్లు బి.ఇడి. చదివి, అమలాపురంలోనో రాజోలులోనో గుర్తింపు ఉన్న పాఠశాలలో రెండేళ్లు పాఠాలు చెబితే, నాలుగేళ్లు పడుతుంది. దళారి నలభై రోజులంటాడు. జీతం తక్కువైనా ఆ రెండేళ్ల ఉద్యోగానికి నియామకపు ఉత్తర్వు, జీతం బ్యాంకులో పడిన ఆధారం, అనుభవ ధ్రువపత్రం తప్పక తీసుకోవాలి. నోటిమాట మీద, చేతికి జీతం తీసుకుని పనిచేస్తే విదేశంలో ఆ అనుభవం సున్నా.

టూరిస్టు వీసా అంటే వద్దు

"ముందు టూరిస్టు వీసా మీద వెళ్లండి, అక్కడ మారుస్తాం" అన్నవాడి మాట వినరాదు. పర్యాటకుడిగా వెళ్లి ఉద్యోగం చేయడం నేరం. పట్టుబడితే జరిమానా, జైలు, వెనక్కి పంపడం. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ మన రాష్ట్ర యువకులను తీసుకుపోయి, పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. అక్కడ ఎర డేటా ఎంట్రీ, రేపు ఎర ఇంగ్లీషు పంతులు పని కావచ్చు.

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు కేంద్ర విదేశాంగశాఖ వద్ద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ జాబితా 'ఈ-మైగ్రేట్' వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. రిజిస్టరైన ఏజెంటు సేవారుసుముగా రూ.30,000, దానిపై జి.ఎస్.టి. మించి వసూలు చేయరాదని నిబంధన. రెండు లక్షలు, మూడు లక్షలు అడిగేవాడిని ముందు రిజిస్ట్రేషన్ నంబరు చెప్పమనండి. ఒరిజినల్ డిగ్రీ, పాస్‌పోర్టు అతని బీరువాలో పెట్టవద్దు.

ఇక కాగితాల సంగతి. డిగ్రీపై రాష్ట్రప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగశాఖ ముద్ర కావాలి. యు.ఎ.ఇ. వంటి దేశాలకైతే వారి రాయబార కార్యాలయ ముద్ర కూడా. నేరచరిత్ర లేదనే పత్రానికి పాస్‌పోర్టు కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. వీటన్నిటికీ పట్టే కాలం కంటె మనవారిని ఎక్కువగా తిప్పేది ఇంటిపేరు. పదవ తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, డిగ్రీలో పూర్తిగా, పాస్‌పోర్టులో పేరు వెనక వేరే స్పెల్లింగుతో ఉంటే, ముగ్గురు వేర్వేరు మనుషులని విదేశీ గుమాస్తా అనుకుంటాడు. పెళ్లయిన ఆడపిల్లల విషయంలో ఈ చిక్కు రెట్టింపు. డిగ్రీ చదువుతుండగానే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకుని, తేడా ఉంటే అప్పుడే దిద్దించుకోవడం తేలిక.